ఎర్ర ఎద్దు హోటల్లో వాడుకబల్ల

హోల్డర్‌బాక్‌లో ఒకప్పుడు పదకొండు హోటళ్ళుండేవి. ఊరి చుట్టూ ఉన్న పాత కోటగోడకు లోపల ఏడు, వెలుపల నాలుగు. ఇప్పుడు మిగిలింది ఎర్ర ఎద్దు ఒక్కటే. మిగతావి ఏమైపోయాయని అడిగితే ఊళ్ళోవాళ్ళు పెదవి విరుస్తారు. ఆ పదింటిలో ఏడాదికి ఒక్కసారైనా కాలు పెట్టనివాళ్ళే అవి మూతపడ్డాయని అందరికంటే ఎక్కువ బాధపడతారు. ఎక్కడైనా అంతే.

ఎర్ర ఎద్దు రోస్విటాది. అరవై ఒకటి నిండిన మనిషి. భర్త ఎర్హార్డ్ పోయి తొమ్మిదేళ్ళు. పిల్లల్లేరు. వంటింట్లో ఆసరాగా ఉన్నది భర్త అక్క ఇర్మి. ఇర్మికి మోకాళ్ళు పోయాయి గాని నోరు మాత్రం చెక్కుచెదరలేదు.

ఆ హోటల్లో, గదిని వెచ్చబెట్టడానికి కట్టిన, పెంకులు తాపిన నిలువెత్తు కుంపటి పక్కన, ఓకు చెక్కతో చేసిన గుండ్రటి బల్ల ఒకటుంది. అది వాడుకబల్ల. రోజూ వచ్చే వాడుక మనుషులకు తప్ప దాని దగ్గర ఇంకెవరికీ చోటు లేదు. హోటలు కిటకిటలాడుతున్నా, పెళ్ళివాళ్ళు నిలబడి తింటున్నా, అది ఖాళీగా ఉండాల్సిందే. ఎర్హార్డ్ బతికున్న రోజుల్లో జిల్లా పెద్ద అధికారి ఒకాయన తెలియక అక్కడ కూర్చుంటే, "అయ్యా, మీరెవరైనా కావచ్చు, ముందు లేవండి" అని లేపేశాడు. ఆ కథ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆ బల్లకు మిగిలిన మనుషులు ముగ్గురు. కోటగోడలోంచి జారిన రాళ్ళను నలభై ఏళ్ళపాటు తిరిగి పేర్చిన రాతిపని మేస్త్రి కిలియన్. ఉత్తరాలు పంచి పంచి రిటైరైన లోథర్. పందుల పెంపకం కొడుకుకు అప్పజెప్పి ఊపిరి పీల్చుకున్న ఓట్‌మార్. ముగ్గురికీ డెబ్బై దాటాయి. చర్చి గడియారం నాలుగు కొట్టేసరికి తలుపు తోసుకుని వచ్చేవాళ్ళు. బల్ల మీద వేలికణుపులతో రెండుసార్లు తట్టడమే వాళ్ళ పలకరింపు. పోయేటప్పుడూ అంతే.

"రోజీ, ఈ పీపాలో వాన పడిందా ఏంటి?" అనేవాడు లోథర్, మొదటి గుక్క తాగి.

"పడితే నీకు మంచిదేగా. నెలకోసారైనా నీ లోపల స్నానం జరుగుతుంది," అనేది రోస్విటా.

"వాడి మాటలు పట్టించుకోకే. స్టాంపులు నాకి నాకి వాడి నాలుక ఎప్పుడో మొద్దుబారిపోయింది," అనేవాడు కిలియన్.

రోజూ అవే మాటలు, రోజూ అదే నవ్వు. ఎర్హార్డ్ శవపేటికకు భుజం పట్టినవాళ్ళలో ఈ ముగ్గురూ ఉన్నారు. మర్నాడు నాలుగింటికి, కిటికీలు మూసుకుని రోస్విటా కుర్చీలో రాయిలా కూర్చుని ఉంటే, కిలియన్ మిగతా ఇద్దరితో వచ్చి కిటికీ రెక్కలు తీశాడు. తనే పీపా దగ్గరికెళ్ళి నాలుగు మగ్గులు నింపి ఒకటి ఆమె ముందు పెట్టాడు. "తాగు. ఇవాళ్టికి నేను పోశాను. రేపట్నుంచి నువ్వే పొయ్యాలి," అన్నాడు. ఆ మాట పట్టుకుని రోస్విటా తొమ్మిదేళ్ళు బతికింది. కన్నవాళ్ళు లేరు, కన్నపిల్లలు లేరు, కట్టుకున్నవాడు లేడు. నాలుగు గంటలకు తలుపు తోసుకుని వచ్చే ఆ ముగ్గురే ఆమెకు అయినవాళ్ళు.

కానీ ముగ్గురు ముసలివాళ్ళు తాగే బీరుతో హోటలు నిలబడదు. పోయిన చలికాలం నవంబరు నుంచి మార్చి దాకా వాళ్ళు తప్ప గుమ్మం తొక్కినవాడు లేడు.

"ఇలాగే ఉంటే వచ్చే ఏడాదికి మనం కూడా తలుపులకు చెక్కలు కొట్టుకోవాల్సిందే," అంది ఇర్మి ఒకరోజు, బంగాళాదుంపలు చెక్కుతూ. "పాత పట్నాల్లో ఎక్కడ తినాలో చెబుతూ ఏటా ఒక పుస్తకం వేస్తారు చూడు. దాన్లో పడితే చాలు, జనం వెతుక్కుంటూ వస్తారు. ఆ కొండకింద ఊళ్ళో చేపల హోటలు చూడలేదూ? వాడి చేపలకంటే మన కుంపట్లో బూడిదే రుచిగా ఉంటుంది. అయినా చోటు దొరకడం లేదట."

రోస్విటా వారం రోజులు ఆలోచించి ఆ పుస్తకంవాళ్ళకు ఉత్తరం రాసింది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని పెద్దలు ఊరికే అనలేదు. అయితే ఆ అడుసు తొక్కకపోతే హోటలు మూతపడేది, అదీ నిజమే.

వాళ్ళు మే నెలలో, బుధవారం మధ్యాహ్నం వచ్చారు. ఒకరో ఇద్దరో వస్తారనుకుంటే ఎనిమిదిమంది దిగారు. రాసే ఆవిడ, ఫోటోలు తీసే కుర్రాడు, ఇంకా ఎవరెవరో. బయట జోరున వాన. మిగతా బల్లలన్నీ నలుగురు పట్టేవే.

"అందరం ఒకచోటే కూర్చోవాలండి. ఆ కుంపటి పక్కనున్న గుండ్రబల్ల బావుంది," అంది రాసే ఆవిడ.

"అది నాలుగింటికి కావాలండి," అంది రోస్విటా.

"అబ్బే, మేం మూడింటికల్లా లేచిపోతాం కదా."

ఇప్పుడింకా పన్నెండున్నర. నాలుగింటికి చాలా టైముంది. ఆ బల్ల మీద రాత్రిపూట పిల్లి పడుకుంటే ఎవరైనా అడిగారా? రోస్విటా తనకు తానే ఇలా సర్దిచెప్పుకుని, సరేనండి అంది. ఎర్హార్డ్ తోడబుట్టినది కాబట్టి ఇర్మి వంటింటి తలుపులోంచి అదంతా చూసి గరిటె గట్టిగా కిందపెట్టింది.

మూడయింది. వాళ్ళకు తిండి నచ్చింది. ఇంకొంచెం మాంసం అడిగారు, ఆపిల్ కేకు అడిగారు, కాఫీ అడిగారు. వాన తగ్గలేదు. నాలుగుకు పావుగంట ఉందనగా ఇర్మి వచ్చి రోస్విటా మోచేయి పట్టుకుంది.

"లేపు."

"ఆఖరి ముద్దలో ఉన్నారు వదినా."

"నువ్వు లేపకపోతే నేను లేపుతాను."

"కాస్త ఊరుకో వదినా. వాళ్ళు రాసేవాళ్ళు. ఇప్పుడు లేపితే ఏం రాస్తారు?"

గడియారం నాలుగు కొట్టింది. తలుపు తెరుచుకుంది. టోపీల అంచుల నుంచి నీళ్ళు కారుతూ ముగ్గురూ లోపలికి వచ్చారు. ముందున్నది కిలియన్. ముప్ఫై ఏళ్ళుగా తను కూర్చునే చోట, వీపు కుంపటికి ఆనించి, ఫోటోల కుర్రాడు కోటు ఆరబెట్టుకుంటూ నవ్వుతున్నాడు. కిలియన్ అతన్ని చూశాడు. తరవాత రోస్విటాను చూశాడు. చూసి ఆగాడు.

ఆగాడంటే ఆమెకు టైమిచ్చాడు. అప్పుడు ఒక్క మాట చాలు. లేవండి, ఇది వీళ్ళ చోటు అంటే సరిపోయేది. ఎర్హార్డ్ అయితే రెప్పవేసేలోగా అనేవాడు. రోస్విటా నోరు తెరిచింది. ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"కిలియన్, ఒక్క అరగంట. ఇవాళ్టికి కిటికీ దగ్గర కూర్చోండి. బీరు నా తరఫున."

అంటూనే తను చేసిన పనేమిటో ఆమెకు తెలిసిపోయింది. దారినపోయే వాళ్ళను బుజ్జగించినట్టు ఊరికే బీరు పోస్తానంది, ఎర్హార్డ్‌ను మోసిన మనిషితో. నోరు జారాక ఏం లాభం.

"పర్లేదండి," అన్నాడు కిలియన్. "మీకు అతిథులున్నారు."

ఎప్పుడూ నువ్వు అని, ఒసే అని పిలిచిన మనిషి ఆవేళ మీరు అన్నాడు. గొంతులో కోపం లేదు. వేలికణుపులతో తలుపు చెక్క మీద రెండుసార్లు తట్టి, వానలోకి వెళ్ళిపోయాడు. మిగతా ఇద్దరూ అతని వెనకే నడిచారు. లోథర్ కూడా ఏ వేళాకోళమూ ఆడలేదు.

"పాపం, ఎవరో ముసలాళ్ళు," అంది రాసే ఆవిడ. "మా వల్ల వెళ్ళిపోయారా?"

"లేదండి, రేపొస్తారు," అంది రోస్విటా.

వాళ్ళు రేపు రాలేదు, ఎల్లుండీ రాలేదు. ఆ ఊరివాళ్ళకు తిట్టడం రాదు. తిడితే ఒక విధంగా నయం, తిట్టినవాడు మళ్ళీ మాట్లాడతాడు. వాళ్ళు కిమ్మనకుండా రావడం మానేస్తారు, అంతే. వీధిలో ఎదురైతే టోపీ తీసేవాళ్ళు. వాతావరణం గురించి రెండు మాటలు మాట్లాడేవాళ్ళు. నాలుగింటికి మాత్రం ఆటస్థలం పక్కనున్న ఆటల క్లబ్బు రేకుల షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని సీసాల్లోంచి తాగేవాళ్ళు.

"వెళ్ళి బతిమాలుకో. నీ సొమ్మేం పోతుంది?" అంది ఇర్మి.

మొదటి వారం రోస్విటాకు పౌరుషం అడ్డొచ్చింది. తొమ్మిదేళ్ళు చేసిందంతా ఒక్క అరగంటతో కొట్టుకుపోయిందా అని ఆమెకూ మండింది. ఇంతలో పుస్తకం వచ్చింది. ఊరివాళ్ళు తినే చోట తినాలంటే ఎర్ర ఎద్దుకు వెళ్ళండి, కుంపటి పక్కన ఊరి పెద్దల బల్ల చూడండి అని రాశారు. వాడుకబల్ల ఫోటో కూడా వేశారు, దాని చుట్టూ ఎనిమిదిమంది పరాయివాళ్ళతో. జూన్ నుంచి జనం విరగబడ్డారు. నిద్రకే టైము లేదు, ఇక బతిమాలుకోవడానికి ఎక్కడిది? రోస్విటా ఆ గుండ్రబల్లకు మాత్రం ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. చుట్టూ తాడు కట్టింది. వచ్చినవాళ్ళు ఆ తాడును కూడా ఫోటో తీసుకున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఊళ్ళో ఎవరు మెచ్చుకుంటారు? తాడు సంగతి విని ఓట్‌మార్, "మమ్మల్ని మ్యూజియంలో పెట్టిందన్నమాట," అన్నాడట.

అక్టోబరుతో జనం ఆగిపోయారు. ఆకులు రాలాయి, బస్సులు తగ్గాయి. అప్పుడు వెళ్దామంటే మొహం చెల్లలేదు. వేసవంతా గుర్తురానివాళ్ళం, హోటలు ఖాళీ కాగానే గుర్తొచ్చామా అంటారు. అనరు, అనుకుంటారు. అది ఇంకా ఘోరం. రోస్విటా రోజూ పొద్దున్నే బల్లలన్నిటికీ తెల్లగుడ్డలు పరిచేది, సాయంత్రం తీసేది. వీధిలోంచి చూసేవాళ్ళకు హోటలు బాగానే నడుస్తున్నట్టుండేది. నాలుగు కొట్టినప్పుడల్లా ఆమె చేతిలో పని ఆగిపోయేది. ఏడుపు వచ్చేది కాదు. వస్తే బావుండునని ఉండేది.

జనవరిలో కిలియన్ మంచం పట్టాడని రొట్టెల కొట్టులో తెలిసింది. నలభై ఏళ్ళు పీల్చిన రాతిధూళి ఊపిరితిత్తుల్ని తినేసింది. రోస్విటా రొట్టె చంకలో పెట్టుకుని ఇంటికొచ్చి, పిలిస్తే వెళ్తాను, కబురొస్తే వెళ్తాను అనుకుంటూ కూర్చుంది. కబురు రాలేదు. ఫిబ్రవరి మొదటి ఆదివారం పొద్దున చర్చిలో చావుగంట ఆగి ఆగి మోగింది.

ఆ ఊళ్ళో ఒక ఆచారముంది. చనిపోయినవాడి పేరిట పెట్టే భోజనం వాడి వాడుకబల్ల ఉన్న హోటల్లోనే. అందుకు ఎవరూ వచ్చి చెప్పరు, ఎవరూ అడగరు. గంట వినగానే హోటలు మనిషి పెద్ద గుండిగ పొయ్యిమీదికి ఎక్కించాలి. సమాధి నుంచి జనం నేరుగా అక్కడికే వస్తారు. పెళ్ళికి పిలుపులుంటాయి గాని చావుకు పిలుపులేమిటి? ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా రోస్విటాను ఎవరూ అడగలేదు, ఆమె ఒక్కసారీ తప్పలేదు.

"అఫ్రాకు ఫోన్ చేసి కనుక్కో," అంది ఇర్మి. అఫ్రా అంటే కిలియన్ భార్య.

"ఏమని? మీ ఆయన భోజనం మా దగ్గరేనా అని అడగనా? అలా అడిగినవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా వదినా?"

"వాళ్ళు తొమ్మిది నెలలుగా ఈ గుమ్మం తొక్కలేదే పిచ్చిదానా."

"బతికున్నవాడికి కోపముంటుంది. చచ్చినవాడికేం కోపం? కిలియన్ బల్ల ఇది. ఇంకెక్కడికి తీసుకెళ్తారు?"

ఇర్మి కత్తిపీట ముందుకు లాక్కుంది. రోస్విటా మొహంలో తొమ్మిది నెలల తరవాత మొదటిసారి రక్తం కనబడింది. ఇన్నాళ్ళకు వాళ్ళు ఆ బల్ల దగ్గరికి వస్తారు. లోథర్ వస్తాడు, ఓట్‌మార్ వస్తాడు. వచ్చి కణుపులతో తడతారు. ఒక్కసారి తట్టితే చాలు, మిగతాదంతా దానంతటదే సర్దుకుంటుంది.

మాంసం కొట్టుకు వెళ్ళి అరవైమందికి గొడ్డుమాంసం, కార్జం, మూలగ ఎముకలు కావాలంది. కొట్టువాడు కత్తి పట్టుకుని ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఏదో అనబోయాడు. మళ్ళీ, "సరే," అని తూచాడు. అప్పటికే అతనికి తెలుసు. ఊరందరికీ తెలుసు. తెలిసీ చెప్పకపోవడమే ఆ ఊరి మర్యాద.

బుధవారం అంత్యక్రియలు. రోస్విటా తెల్లవారకముందే లేచింది. ఎముకల రసం కాచింది. కార్జం తరిగి, నానిన రొట్టెతో కలిపి, ఉండలు చేసి అందులో వదిలింది. మాంసం మెత్తగా ఉడికించింది. మీగడలో కలపడానికి ముల్లంగి లాంటి క్రేన్ వేరు తురుముతుంటే దాని ఘాటుకు కళ్ళు ధారలు కట్టాయి. చావు భోజనంలో ఏడుపు రానివాళ్ళకు అదే సాయం అని ఊళ్ళో వేళాకోళం. వాడుకబల్ల చుట్టూ ఉన్న తాడు విప్పేసింది. కుంపటి రాజేసింది. కిలియన్ చోటులో నిండు మగ్గు పెట్టింది.

పదకొండున్నరకు ఉతికిన ఆప్రాన్ కట్టుకుని, తలుపు రెండు రెక్కలూ తెరిచి గుమ్మంలో నిలబడింది. కోటద్వారం కింద నుంచి నల్లకోట్లు కనిపించాయి. ముందు అఫ్రా, ఆమెకు అటూ ఇటూ కొడుకులు. వెనక లోథర్, ఓట్‌మార్. ఆ వెనక ఊరంతా. వీధి పొడుగునా అడుగుల చప్పుడు తప్ప మరేం లేదు. రోస్విటా పక్కకు జరిగి దారిచ్చింది.

అఫ్రా తల వంచుకుని నడుస్తోంది. గుమ్మం ముందుకు వచ్చింది. లోపలికి తిరక్కుండా, ఆగకుండా వీధి వెంట ముందుకు పోయింది. లోథర్ అటూ ఇటూ చూడకుండా నడిచాడు. ఓట్‌మార్ టోపీ తీసి తల పంకించి నడిచాడు. అరవైమందీ అలాగే, కొందరు టోపీ తీసి, కొందరు తియ్యక, ఆమె ముందు నుంచి పోయి, వీధి చివర చర్చి హాలులోకి మలుపు తిరిగారు. అక్కడ ఆటల క్లబ్బువాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళు కాఫీ, ఉడికించిన సాసేజీలు సిద్ధంగా పెట్టారు. ఆఖరి మనిషి మలుపు తిరిగేదాకా రోస్విటా కదల్లేదు.

"లోపలికి రా, చలి," అంది ఇర్మి.

మధ్యాహ్నం రెండు దాటాక అఫ్రా ఒక్కతే వచ్చింది. తలుపు దగ్గరి కుర్చీలో, కోటు విప్పకుండా కూర్చుంది.

"తలుపులు తీసి ఉండటం చూశాను. మాంసం వాసన వీధి చివరిదాకా వచ్చింది. చెప్పకుండా పోవడం బావుండదని వచ్చాను," అంది. "ముందే ఒక మాట చెప్పాల్సింది. లోథర్ చెబుతాడని నేననుకున్నాను. నేను చెబుతానని వాడనుకున్నాడు."

"సరేలే."

"పోయే ముందు ఆయన నీ సూప్ అడిగాడు రోజీ. కార్జం ఉండలది. రోజూ అడిగాడు."

రోస్విటా ఆమె ఎదుటికి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒక్క కబురు చెయ్యలేకపోయావా అఫ్రా? నేను పరిగెత్తుకుని వచ్చేదాన్నే."

"లోథర్‌తో అన్నాను. ఆవిడకు అతిథులుంటారు, ఇప్పుడెందుకు ఇబ్బంది పెట్టడం అన్నాడు. నిజమే అనుకున్నాను. ఎప్పుడు చూసినా నీ బల్లల మీద గుడ్డలు పరిచే ఉండేవి."

"అక్టోబరు నుంచి ఒక్కడు రాలేదు. ఆ గుడ్డలు నేనే పరిచి నేనే తీసేదాన్ని."

అఫ్రా చేతులు ఒళ్ళో పెట్టుకుని చూసుకుంది. "ప్యాకెట్ సూప్ ఒకటి తెచ్చి కాచాను. రెండు చెంచాలు తాగాడు. రోజీది కాదు ఇది అన్నాడు. తరవాత అడగడం మానేశాడు," అంది.

అప్పుడు రోస్విటా ఇర్మికి కూడా చెప్పని సంగతి చెప్పింది.

"నేను తెచ్చాను అఫ్రా. పిలవకపోతే పోనీ, నేనే వెళ్తానని సూప్ కాచి, మూతగిన్నెలో పోసుకుని మీ సందు మూలదాకా వచ్చాను. మీ గేటుకు లోథర్ సైకిల్ ఆనించి ఉంది. వాడి ముందు ఏ మొహం పెట్టుకుని రాను అనిపించి వెనక్కి తిరిగాను. ఇంటికొచ్చి తొట్లో పారబోశాను."

"ఏ రోజు?"

"పోయిన గురువారం. మధ్యాహ్నం."

అఫ్రా వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టింది.

"గురువారం ఇంకా మింగగలిగేవాడు," అంది.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే రోస్విటా ఆమె కాళ్ళ మీద పడి ఏడ్చి, ఎంతోకొంత తేలికపడేది. అఫ్రా ఊరికే జరిగింది చెప్పింది. ఒక గిన్నెడు తాగి వెళ్ళమంటే తల అడ్డంగా ఊపింది. "కావాలన్నది నేను కాదు కదా," అని, లేచి, చేతికి తొడుగులు వేసుకుని వెళ్ళిపోయింది.

ఇర్మి వంటింట్లోంచి కుంటుకుంటూ వచ్చింది. "ఇంత తిండి. ఏం చెయ్యమంటావ్ దీన్ని?" అని అడిగింది. మళ్ళీ అడిగింది. రోస్విటా వినలేదు. సందు మూల నుంచి కిలియన్ ఇంటి గుమ్మానికి ఎన్ని అడుగులుంటాయో ఆమె మనసులో నడుస్తూ చూసుకుంటోంది. ఎన్నిసార్లు నడిచినా ఇరవై దాటలేదు.